ఆటలో అరటిపండు

తెలుగు ఇంట్లో పుట్టిన ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు ఆటలో అరటిపండుగా ఉండే ఉంటారు. అక్క వెంట, అన్న వెంట తోకలా పోతే, పెద్దపిల్లలు పొమ్మనలేక “సరేలే, వీడు అరటిపండు” అని ఒప్పుకునేవారు. అరటిపండు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, అందరితోపాటు అరవవచ్చు. దొరికినా దొంగ కాడు, ఓడినా ఓడినట్టు కాదు. ఇంత ముద్దయిన మాట మనకొక్కరికే ఉందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. మా షోలాపూర్‌లో మరాఠీ పిల్లలు ఆ పిల్లవాణ్ణే ‘కచ్చా లింబూ’ అంటారు, అంటే పచ్చి నిమ్మకాయ. కన్నడంవారు ‘ఆటక్కుంటు, లెక్కక్కిల్ల’ అంటారు. ఆటకు ఉన్నాడు, లెక్కకు లేడు. తమిళనాట ‘ఒప్పుక్కు చప్పాణి’. బెంగాలీ పిల్లలకైతే వాడు ‘దూధ్ భాత్’, పాలన్నం. మీ వీధిలో ఏమంటారో మీ పిల్లల్నే అడిగి చూడండి. ఇలాంటి సంగతుల్లో పెద్దలకంటే వాళ్ళ మాటే ప్రమాణం.

ఇరవై రెండేళ్ళు బాల్‌వాడీలో చిన్నపిల్లలతో గడిపినదాన్ని కనుక ఈ అరటిపండు మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది. కారణం చెబుతాను.

ముందు మా ఊరి సంగతి. షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. ఆ తరవాత మిల్లుల పనికీ, చేతిమగ్గాలకూ తెలంగాణ పల్లెలనుంచి పద్మశాలి కుటుంబాలు ఒకరి వెనుక ఒకరుగా వచ్చి తూర్పు పేటల్లో స్థిరపడ్డాయి. మా తాత కరీంనగరం వైపువాడు. బజారు భాష మరాఠీ. ఊరి దేవుడు సిద్ధరామేశ్వరుడు 12వ శతాబ్దంలో కన్నడంలో వచనాలు చెప్పిన శివయోగి. మా మగ్గాల గదుల్లో తెలుగు. సందు మలుపు తిరిగితే దక్కనీ ఉర్దూ. ఇన్ని భాషలు మాకు ఎవరు నేర్పారని అడిగితే జవాబు చెప్పడం కష్టం. బడిలో మరాఠీ అక్షరాలు నేర్పారు, నిజమే. కానీ బడికి పోయేనాటికే మాకు మరాఠీలో పోట్లాడటం వచ్చు. నాలుగు భాషల్లో ముందుగా వచ్చినవి తిట్లే అని ఒప్పుకోవడానికి ఈ వయసులో సిగ్గెందుకు?

ఆట అంతా అమృతమని మాత్రం నేననను. మా అమ్మ బీడీలు చుట్టేది. మేము పక్కన కూర్చుని తునికాకులు పదేసి లెక్కపెట్టి పేర్చేవాళ్ళం. చూసినవాళ్ళు “పిల్లలు ఆడుకుంటున్నారు” అనేవారు. అది ఆట కాదు, పని. సాయంత్రానికి నడుములు చెప్పేవి. అలాగే వీధిలో మా తెలుగు వినబడగానే ‘యండుగుండు’ అని వెక్కిరించడం కూడా ఆటలోనే సాగేది. దానికి బదులుగా మేము అన్న మాటలు ఇక్కడ రాయను, పత్రిక ఇంట్లో అందరూ చదువుతారు కదా. అయితే వెక్కిరించినవాళ్ళకు లగోరీకి ఏడుగురు చాలకపోతే మమ్మల్నే పిలవక తప్పేది కాదు. ఏడు పెంకులు పేర్చి బంతితో కొట్టే ఆటలో జట్టుకు మనిషి కావాలి. వాడు ఇంట్లో ఏ భాష మాట్లాడతాడన్నది తరవాతి సంగతి.

ఇక నా మనవడి విషయానికి వస్తాను. మా అబ్బాయి, కోడలు పూణేలో ఉద్యోగాలు చేస్తారు. పిల్లవాడు మూడేళ్ళవరకు తెలుగులో గలగలా మాట్లాడేవాడు. ఫోనులో నాకు కాకి కథ చెప్పేవాడు. తరవాత బడిలో చేర్చేటప్పుడు అక్కడివారు, “ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే వెనకబడతాడు” అన్నారట. ఆ సాయంత్రంనుంచే ఇంట్లో భాష మారిపోయింది. తల్లిదండ్రులు ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీషును ఇంటికి మోసుకొచ్చారు. అన్నం తినమనడానికి, స్నానం చేయమనడానికి, చెప్పులు విడవమనడానికి అది సరిపోయింది. కథ చెప్పడానికి, గారాబం చేయడానికి, కోపం వచ్చినప్పుడు కోప్పడటానికి సరిపోలేదు. ఆరు నెలల్లో పిల్లవాడు తలూపుడుకు దిగాడు. కావాలంటే ఒక ఊపు, వద్దంటే మరొక ఊపు. ఫోనులో ‘హాయ్’, ‘బై’ తప్ప మూడో మాట లేదు.

కోడలు భయపడి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మంచి పని చేసింది. వినికిడి పరీక్ష చేశారు, లోపం లేదు. ఇది చదివే చిన్నవయసు తల్లులకు ఒక మాట. రెండేళ్ళు నిండిన పిల్ల ఏ భాషలోనూ రెండు మాటలు కలిపి పలకకపోతే, “మన ఇంట్లో నాలుగు భాషలు కదా, ఆలస్యమవుతుందిలే” అని ఊరుకోకండి, చెవులు చూపించండి. రెండు మూడు భాషలు వినడంవల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదని ఈ విషయం చదువుకున్నవారు గట్టిగా చెబుతున్నారు. ఒక్కో భాషలో మాటలు కొంచెం తక్కువగా కనబడవచ్చు. అన్ని భాషల మాటలూ కలిపి లెక్కవేస్తే లోటు ఉండదు. మా మనవడికి పరీక్ష చేసిన ఆవిడ కూడా, “మీకు ఏ భాష నోటికి హాయిగా వస్తుందో అందులో మాట్లాడండి” అనే చెప్పింది. కానీ బడివారి మాటకు ఉన్న బరువు ఆవిడ మాటకు లేకపోయింది.

2024లో బతుకమ్మ పండుగ అక్టోబరు 2న మొదలైంది. ముందురోజు పిల్లవాణ్ణి నా దగ్గర దింపి, “దీపావళికి వచ్చి తీసుకుపోతాం” అన్నారు. ఇద్దరికీ ఆఫీసులో ఊపిరాడని పని. అలా నాకు అయిదు వారాలు దొరికాయి.

నేను పాఠాలేమీ పెట్టుకోలేదు. తెలుగులో మాట్లాడమని బతిమాలలేదు. నేను మాత్రం నా తెలుగులో నా మానాన మాట్లాడుతూ, గడప మీద పీట వేసి కూర్చోబెట్టాను. మా సందులో సాయంత్రం అయిదింటికి పది పన్నెండుమంది పిల్లలు పోగవుతారు. ఇప్పటికీ పోగవుతున్నారు, అది మా అదృష్టం. మూడు రోజులు చూస్తూ కూర్చున్నాడు. నాలుగోనాడు వాళ్ళే వచ్చారు. పిల్లల నాయకురాలు తొమ్మిదేళ్ళ మరాఠీ పిల్ల. “హా కచ్చా లింబూ,” అని తేల్చేసింది. మా ఎదురింటి పద్మశాలి పిల్ల ఒప్పుకోలేదు. “లింబూ కాదు, అరటిపండు” అంది. లింబూ అని ఒకరు, అరటిపండు అని ఒకరు. ఆట ఆగిపోయి వాదం మొదలైంది. ఇంతలో పీట మీదనుంచి వినబడింది: “బనానా!”

మూడు రోజుల తరవాత వాడి నోట వచ్చిన మొదటి మాట అది. అందరూ ఒక్కసారి తిరిగి చూసి, విరగబడి నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ రోజునుంచి మా సందులో వాడి పేరు బనానాయే. అమ్మానాన్నలు పంచాంగం చూసి పెట్టిన పేరు అయిదు వారాలపాటు ఎవరికీ అవసరం పడలేదు.

అరటిపండు చేసే పనేమిటో దగ్గరనుంచి చూడాలంటే కాస్త ఓపిక కావాలి. మొదటి వారం వాడు అందరూ పరుగెత్తినప్పుడు పరుగెత్తాడు. ఎందుకో తెలియదు. అందరూ దాక్కుంటే, దాక్కున్నవాడి పక్కనే నిలబడి వాడి గుట్టు బయటపెట్టాడు. తిట్లు తిన్నాడు, కానీ బయటికి పొమ్మనలేదు. వాడి తప్పుకు ఖరీదు లేదు, అదే అరటిపండుకున్న వరం. స్విట్జర్లాండ్ దేశపు జాన్ పియాజే అనే ఆయన పిల్లల గోలీలాటను గమనించడానికి తానే కింద కూర్చుని, ఆట తెలియనివాడిలా నియమాలు చెప్పించుకునేవాడు. 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ సంగతులున్నాయి. మరీ చిన్నపిల్లలు పెద్దల్ని చూసి అనుకరిస్తారు, ఎవరి ఆట వారే ఆడుకుంటూ అందరితో కలిసి ఆడుతున్నామనుకుంటారు, చివరికి అందరం గెలిచామంటారు అని రాశాడు. మన పిల్లలు ఆయన్ని చదవలేదు. కానీ అటువంటి పసివాణ్ణి ఆటలో ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్ళకు తెలుసు, దానికొక పేరు కూడా ఉంది.

భాష కూడా సరిగ్గా అలాగే వచ్చింది. బాల్‌వాడీలో కొత్తగా చేరే పిల్ల, ఇంటి భాష వేరయితే, వారాలపాటు నోరు విప్పదు. ఆ మౌనాన్ని చూసి కంగారుపడేవారిని ఎంతోమందిని చూశాను. ఆ పిల్ల వింటోంది. ఏ మాటకు అందరూ పరుగెత్తుతారో, ఏ మాటకు ఆగుతారో లెక్క కట్టుకుంటోంది. ఆటలో మాటకూ పనికీ మధ్య ఎడం ఉండదు. ‘పళ్!’ అంటే పరుగెత్తాలి. అర్థం ఎవరూ విడమరిచి చెప్పరు, చెప్పేలోపు దొరికిపోతావు. మా ప్రాంతంలో తారాబాయి మోడక్ గారని పెద్దావిడ ఉండేవారు. శిష్యురాలు అనూతాయి వాఘ్ గారితో కలిసి 1945లో బోర్డీ గ్రామంలో పసిపిల్లల కేంద్రం పెట్టారు. 1957లో దాన్ని కోస్‌బాడ్ కొండకు మార్చారు. పిల్లలు బడికి రాకపోతే బడినే పిల్లల వాకిట్లోకి తీసుకుపోవాలన్నది వారి పద్ధతి. వాకిలిని ఇక్కడ అంగణ్ అంటారు. ఈనాడు దేశమంతా వాడుతున్న అంగన్‌వాడీ అన్న మాటకు మూలం ఆ వాకిలే. పశువులు కాసే పిల్లలకోసం పచ్చికబయళ్ళకే వెళ్ళి చదువు చెప్పారు. అటువంటి నేలమీద ఉంటూ, వాకిట్లో ఆడే పిల్లవాణ్ణి లోపలికి లాగి ఫోను చేతిలో పెట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సరే, ఆ కోపం ఇక్కడితో ఆపుతాను.

నవరాత్రుల్లో మా సందు చూడాలి. మనవాళ్ళు బతుకమ్మను నడుమ పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడతారు. తంగేడు, గునుగు ఇక్కడ దొరకడం తక్కువ. బంతి, చామంతులతోనే ఎక్కువగా పేరుస్తాం. ఆ రోజుల్లోనే మరాఠీ ఆడపిల్లలు భోండ్లా ఆడతారు. పీట మీద ఏనుగు బొమ్మ వేసి నడుమ పెట్టి, చుట్టూ చేతులు పట్టుకుని పాడుతూ తిరుగుతారు. పూలకుప్ప చుట్టూ ఒకరు, ఏనుగు చుట్టూ ఒకరు. పాదాల నడక మాత్రం ఒకటే. అందుకే మా పిల్లలకు అటునుంచి ఇటు రావడం కష్టమనిపించదు. నా చిన్నతనంలో భోండ్లా రోజూ ఉండేది. ఇప్పుడు ఒకటి రెండు సాయంత్రాలకు కుదించుకుపోయింది.

భోండ్లా చివర ఒక చక్కని తమాషా ఉంది. ప్రసాదాన్ని ఖిరాపత్ అంటారు. దాన్ని మూతపెట్టిన డబ్బాలో తెస్తారు. అదేమిటో పిల్లలు ఊహించి చెప్పాలి, చెప్పేదాకా పెట్టరు. తీపా, కారమా? వేయించిందా, ఉడికిందా? గుండ్రమా, పొడా? డబ్బా ఊపి చప్పుడు వింటారు, వాసన చూస్తారు. తిండి పేర్లు, రుచుల పేర్లు, వండే పద్ధతుల పేర్లు ఒక పావుగంటలో ఎన్ని దొర్లుతాయో! అంతటి పాఠం నేనే ఎన్నడూ తయారుచేయలేకపోయాను. ఆ సాయంత్రం మా ఇంటి వంతు. నేను మలీద చేశాను. రొట్టెలు చిదిమి బెల్లం, నెయ్యి కలిపే మలీద మనకు బతుకమ్మ నైవేద్యం కదా. ఆడపిల్లలు చివ్‌డా అన్నారు, లాడూ అన్నారు, శేంగాపొడి అన్నారు. మా బనానా నా కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉన్నట్టుండి, “మలీద! నాయినమ్మ పొద్దుగాల చేసింది!” అని అరిచాడు.

మావాడు మా ఇంటి గుట్టే బయటపెట్టాడు. ఆడపిల్లలు ‘చీటింగ్’ అని గోలచేశారు. కానీ నేను వేరే లెక్కలో పడిపోయాను. కర్త ఉంది, కాలం ఉంది, క్రియ ఉంది. పొద్దుగాల అన్న మా ఇంటి మాట కూడా ఉంది. ఎనిమిది నెలల తరవాత నేను విన్న మొదటి నిండు వాక్యం అది. ఇంతకీ ఆ డబ్బాలో ఉన్నదాన్ని మరాఠీవారూ మలిదా అనే అంటారు, మలుపులో ఉండే ఖాలా ఇంట్లోనూ మలీదా అనే అంటారు. పేరు విషయంలో తగువు లేకుండా తిన్న ప్రసాదం అదొక్కటే.

తెలుగులో దాగుడుమూతల్లో వెతికేవాడు దొంగ. మరాఠీలో అలాంటివాడి మీదికి ‘రాజ్య’ వస్తుంది. మనకు దొంగ అయినవాడు వాళ్ళకు రాజ్యం వచ్చినవాడు! దీనిమీద ఎవరైనా పండితులు రాస్తే బాగుండును. మూడో వారంలో ఒక సాయంత్రం పెద్దపిల్లలు తమలో తాము ఏదో మాట్లాడుకుని మా వాణ్ణి అరటిపండు లెక్కలోనుంచి తీసేశారు. నిజంగా దొరికాడు. ఏడుస్తాడేమోనని నేను గడపలోనుంచి లేవబోయాను. వాడు ఊపిరందకుండా పరుగెత్తుకొచ్చి, “నాయినమ్మా, నా మీద రాజ్య వచ్చింది!” అని చెప్పి మళ్ళీ పరుగెత్తాడు. గోడకు మొహం పెట్టి ఒకటి, రెండు, తీన్, చార్, ఫైవ్ అని లెక్కపెట్టాడు. ఎవ్వరూ నవ్వలేదు. లెక్క పది దాకా పోయిందా లేదా అన్నదే వాళ్ళకు ముఖ్యం.

దీపావళికి ఇక్కడ పిల్లలు మట్టితో కిల్లా కడతారు. ఇటుకలు, రాళ్ళు పేర్చి, తడిపిన గోనెసంచులు కప్పి, మీద బురద మెత్తి, శివాజీ మహారాజు బొమ్మను పైన నిలబెడతారు. కొండవాలు మీద ఆవాలు చల్లితే నాలుగు రోజుల్లో పచ్చగా మొలుస్తాయి. ఆ మొలకలకోసం మా వాడు తెల్లారకముందే లేచి చూసేవాడు. ‘ఇయ్యాల రాలే, రేపు వస్తయ్’ అనడం వాడికి అక్కడే అలవాటైంది. బురుజు, దర్వాజ, కిల్లా - ఈ మాటలు మా తెలంగాణ తెలుగులోనూ ఉన్నాయి, మరాఠీలోనూ ఉన్నాయి, ఖాలా మనవళ్ళ ఉర్దూలోనూ ఉన్నాయి. ముగ్గురు పిల్లలు మూడు ఇళ్ళనుంచి వచ్చి ఒకే బురుజు కడుతుంటే ఏది ఎవరి మాట అని అడిగే తీరిక ఎవరికుంది?

కొడుకు, కోడలు దీపావళికి వచ్చారు. పిల్లవాడు ఆపకుండా మాట్లాడుతుంటే మా అబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. కోడలు మాత్రం రాత్రి వంటింట్లో మెల్లగా అంది: “అత్తమ్మా, మాట్లాడుతున్నాడు, సంతోషమే. కానీ మూడు భాషలూ కలిపేస్తున్నాడు. బడిలో ఏమంటారో.”

ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆమె భీవండీలో మరమగ్గాల మధ్య పెరిగిన పిల్ల. కాలేజీలో ఇంగ్లీషు అర్థంకాక మొదటి ఏడాదంతా వెనక బెంచీలో కూర్చుని ఏడ్చానని పెళ్ళైన కొత్తలోనే నాతో చెప్పింది. ఆ బెంచీ తన కొడుక్కి వద్దనుకుంటోంది. బడివారు ఆ భయాన్ని పట్టుకున్నారు. నేనన్నాను: “అమ్మా, వాడు నాతో ఏం మాట్లాడతాడో, ఎదురింటి పిల్లతో ఏం మాట్లాడతాడో రేపొక్కరోజు విను. తరవాత చెప్పు.”

మరునాడు ఆమె పిండివంటలు చేస్తూ కిటికీలోనుంచి విన్నది. నాతో తెలుగు. మరాఠీ పిల్లతో, వచ్చినంతవరకు, మరాఠీ. మాట దొరకనిచోట పక్క భాషనుంచి ఒకటి తెచ్చి అతుకు వేస్తాడు. మగ్గం మీద పోగు తెగితే అతకమా? గుడ్డ ఆగిపోతుందా? పిల్లలు భాషలు కలపడం తికమక కాదు. ఎదుటివాడెవరో చూసుకునే మాట్లాడతారు. నాలుగేళ్ళవాడికి ఆ వివేకం ఉంది. కోడలు ఏమీ అనలేదు. సాయంత్రం తానే కిల్లాకు బురద కలిపి ఇచ్చింది.

2025 జూన్‌లో మా రాష్ట్రంలో ఒకటో తరగతినుంచే మూడో భాషగా హిందీ పెట్టే ఉత్తర్వులమీద పెద్ద గొడవ జరిగింది. నెలాఖరుకు వాటిని వెనక్కి తీసుకున్నారు. ఉండాలా వద్దా అన్న వాదంలో రెండువైపులా పెద్దవాళ్ళున్నారు, నేను దూరను. మా సందులో మాత్రం మూడో భాషకు ఒకటో తరగతిదాకా ఎవరూ ఆగలేదు, నాలుగోదానికీ ఆగలేదు. అయితే దానికి సందు ఉండాలి, సాయంత్రం ఉండాలి, పదిమంది పిల్లలుండాలి. పూణేలో వాళ్ళ అపార్టుమెంటు కింద బండ్లు నిలిపే చోటు తప్ప మరేమీ లేదు. పిల్లలు ఏడింటిదాకా ట్యూషన్లలో ఉంటారు. మా వాడు వెళ్ళిన నెలకే మళ్ళీ కొంత తగ్గాడు, అది దాచను. మరాఠీ నిలిచింది, ఎందుకంటే వాచ్‌మన్ కొడుకు ఆడటానికి వస్తాడు. తెలుగుకు మాత్రం అక్కడ ఆడేవాళ్ళు లేరు.

అందుకని సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాలుగు గవ్వలు, మా అమ్మ వాడిన అష్టాచెమ్మా పలక తీసుకుపోయాను. ఇరవై అయిదు గళ్ళు; చింతగింజలతో ఆడవచ్చు. నేర్పింది వాడికి కాదు, వాళ్ళ అమ్మకు. భీవండీలో చిన్నప్పుడు ఆడిందట, మరిచిపోయింది. ఆమె ఇంగ్లీషులో ఆడబోయింది. ‘చెమ్మ’, ‘అష్ట’, ‘పంట’, ‘చంపుతా’ అన్నవాటికి ఇంగ్లీషు దొరకక రెండో ఆటకే తెలుగులోకి వచ్చేసింది.

బడివారి మాట మారలేదు. రిపోర్టు కార్డులో ఇంటి భాష గురించి అదే సలహా మళ్ళీ రాశారు. కోడలు దానికింద సంతకం పెట్టి పంపేసింది. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను చేసింది. వెనకనుంచి వాడి అరుపులు.

“అత్తమ్మా, నాలుగు గవ్వలూ బోర్లా పడితే ఎనిమిదా, నాలుగా? వీడు నా మాట వినడంలేదు.”

“ఎనిమిది. అష్ట” అన్నాను.

ఫోను లాక్కున్నట్టున్నాడు. “నాయినమ్మా, తూచ్! నువ్వు అమ్మ జట్టు!” అన్నాడు.